ఉడుమునకు తగిన పడక

దూరదేశములలో కొందరు ఉడుములను ఇండ్లలో పెంచుచున్న చిత్రములను మన పిల్లలు చేతిఫోనులలో చూచుచున్నారు. చూచినవారు ఊరకుందురా? పెట్టెలో ఏమి పరువవలెను, గడ్డియా, ఇసుకయా, పాతగుడ్డలా అని తల్లిదండ్రులను అడుగుదురు. ప్రశ్న చిన్నదే. అయినను దానికి సమాధానము చెప్పవలెనన్న ఆ జంతువు బ్రతుకును, మన దేశపు శాసనమును రెండింటిని తెలిసికొనవలసియున్నది.

శాసనము మాట ముందు చెప్పెదము. ఏలయన అది తెలియకపోవుటవలన చిక్కులలో పడువారు పెద్దలే. భారతదేశమున నాలుగు జాతుల ఉడుములు కలవు. మన ప్రాంతపు పొలములలోను, చెరువుగట్లమీదను కానవచ్చునది వానిలో మిక్కిలి సామాన్యమైనది. ఈ నాలుగింటిని 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము కాపాడుచున్నది. 2022లో చట్టము సవరింపబడి, ఆ సవరణ 2023 ఏప్రిల్ 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన పిదపను ఇవి మొదటి పట్టికయందే యున్నవి. పట్టుకొనుట, పెంచుట, అమ్ముట, చంపుట అన్నియు నేరములే. శిక్ష మూడేండ్లకు తక్కువ గాక ఏడేండ్లవరకు చెరసాల, 25,000 రూపాయలకు తగ్గని జరిమానా. వండియూరు కణ్మాయి గట్టుననో, పాడుబావి యొద్దనో కనబడిన ఉడుముపిల్లను బుట్టలో పెట్టి ఇంటికి తెచ్చుట పిల్లవానికి ఆటగా తోచవచ్చును. చట్టమునకు అట్లు తోచదు. (పంజరములోని రామచిలుకకును ఇదియే న్యాయమని చెప్పిన చాలమంది నమ్మరు. కాని నిజమదియే.) విదేశపు ఉడుములను తెప్పించుటకును, ఉంచుకొనుటకును అనుమతి, నమోదు కావలెను, నమోదును గూర్చిన నియమములు 2024 ఫిబ్రవరిలో వెలువడినవి. అనుమతి లేక తెచ్చిన సరీసృపములు చెన్నపట్టణపు విమానాశ్రయమున పలుమారులు పట్టుబడినవి.

ఇక పడక సంగతి. ఆవుకు గడ్డి పరచినట్లు ఉడుమునకు పరచిన చాలదు. ఆవు పడకపై పరుండును. ఉడుము పడక లోపల నివసించును. పదునైన గోళ్లతో త్రవ్వి బొరియ చేసికొని, ఎండ ముదిరినప్పుడు అందు దూరి చల్లదనమును, తేమను పొందును. పైనేల కాలుచున్నను రెండడుగుల లోపల మన్ను చల్లగనే యుండును గదా. ఆడుడుము నేలలో గొయ్యి తీసియో, ఒక్కొక్కప్పుడు చెదలపుట్టను త్రవ్వియో సుమారు 20 గ్రుడ్లను పెట్టి మన్ను కప్పును. అవి పొదుగుటకు నెలలు పట్టును. త్రవ్వుటకు వీలులేని చోట గ్రుడ్లు కడుపులోనే నిలిచిపోయి తల్లి చనిపోవుటయు కలదు. కావున ఉడుమునకు మన్ను పరుపు మాత్రమే కాదు, ఇల్లును పురుడుగదియు నదియే.

చట్టము అనుమతించు దేశములలో ఎక్కువగా పెంచబడునది ఆఫ్రికాలోని సవన్నా ఉడుము. ఇది మూడడుగుల వరకు పెరుగును. అనుభవజ్ఞులైన పెంపకందార్లు దానికి ఎఱ్ఱమన్నువంటి మట్టిని ఇసుకతో కలిపి కనీసము రెండడుగుల లోతున నింపుదురు. తడి ఎంత యుండవలెనో మన రైతులకు వేరుగా చెప్పనక్కరలేదు. పిడికెడు మన్ను తీసి పిసికిన ముద్ద కావలెను, వ్రేలితో తాకిన విడిపోవలెను. దుక్కికి పదును చూచునది ఇట్లే. ఆ పదును తప్పి మన్ను ఎండినచో బొరియ కూలును. ఉడుము ఒంటిలోని నీరు తరిగి మూత్రపిండములు చెడును, కీళ్లవాపు వచ్చును. పెంపుడు ఉడుములు నడివయస్సు రాకముందే చచ్చుటకు ఈ ఎండుపడకయు ఒక పెద్ద కారణము.

ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు గల పెట్టెలో రెండడుగుల లోతు మన్ను పోసిన 64 ఘనపుటడుగులగును. ఘనపుటడుగునకు 40 కిలోల చొప్పున లెక్కించిన రెండున్నర టన్నులు! మేడమీది గదిలో దీనిని నిలుపుట యెట్లో తండ్రులే యోచింపవలెను.

మన కోయంబత్తూరు సీమకు ఈ వ్యవహారముతో ఒక సంబంధము కలదు. పొల్లాచ్చి ప్రాంతమున కొబ్బరిపీచు తీయగా మిగులు పొట్టును ఉప్పు పోవునట్లు కడిగి, ఆరబెట్టి, ఇటుకలుగా అదిమి విదేశములకు పంపుచున్నారు. ఒకనాడు కుప్పలుగా పడియుండిన ఆ పొట్టు నేడు తోటలకే గాక సరీసృపముల పడకకును వాడుకలో నున్నది. తన బరువునకు అనేక రెట్లు నీటిని పట్టి యుంచుట దాని గుణము. అయితే ఉడుమునకు ఒంటరిగా అది చాలదు, ఎండినచో ధూళియై బొరియ నిలువదు. మట్టిలో కొంత కలిపిన మేలు.

దేవదారు, సరళవృక్షముల రంపపుపొట్టు ఘాటైన తైలములతో ఊపిరితిత్తులకు కీడుచేయును. గులకరాళ్లు మేతతోపాటు కడుపులో చేరి ప్రేగులకు అడ్డుపడును. పాతగుడ్డల పోగులు కాలివ్రేళ్లకు చుట్టుకొని బిగియును. కాగితము శుభ్రమే గాని త్రవ్వుటకు పనికిరాదు; రోగపు ఉడుమును వైద్యుడు పరీక్షించు కొలది దినములకు మాత్రము అది తగును.

మన యింటి పెరటిలోనికో బడి ఆవరణలోనికో ఉడుము వచ్చినచో పిల్లలను దూరముగా ఉంచి దారి వదలిన చాలును, అది తనంతట వెడలిపోవును. తోకతో కొట్టును, కరచును, పట్టుకొనబోరాదు. గోడల నడుమ చిక్కుకొనియున్న అటవీశాఖవారికి గాని అగ్నిమాపక దళమువారికి గాని తెలుపవలెను. సరీసృపములను దగ్గరగా చూడగోరు పిల్లలను సెలవులలో చెన్నపట్టణమునకు దక్షిణముగా సముద్రతీరపు బాటలో 1976లో నెలకొల్పబడిన మొసళ్ల సంరక్షణ కేంద్రమునకు తీసికొనిపోవచ్చును. అచటి ఆవరణలలో నేలను ఎట్లు అమర్చిరో చూచి రమ్మని పిల్లలతో ముందుగానే చెప్పుట మంచిది. లేనిచో వారి చూపులన్నియు మొసళ్ల నోళ్లమీదనే నిలుచును.