రేకుల కప్పు: కొన్ని అపోహలు, కొన్ని వాస్తవములు

ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆవరణమున వేకువజామున నడచుట నాకు బహుకాలపు అలవాటు. బెల్జియము దేశపు వాస్తుశిల్పి ఎర్నెస్ట్ జాస్పర్ రూపకల్పన చేయగా 1939లో ప్రారంభోత్సవము జరుపుకొన్న ఆర్ట్స్ కళాశాల భవనమును, ఆ గులాబీవన్నె రాతి గాంభీర్యమును నిత్యము చూచి చూచి, రాయి కానిదెల్ల కట్టడమే కాదని నిశ్చయించుకొన్న మిత్రులొకరు, తార్నాకలోని మా మేడమీద పుస్తకముల కొఱకు ఒక గది లేపి దానికి లోహపు రేకులు కప్పింపనెంచితినని నేను చెప్పగనే, నడక ఆపి, "రేకులా మాస్టారూ! కోళ్లఫారం పెడుతున్నారా ఏమిటి?" అనిరి. ఆ దినము మొదలు రెండు మాసములపాటు బంధువులును, ఇరుగుపొరుగువారును, రేకుల దుకాణములవారును నాకు అయాచితముగా ప్రసాదించిన అభిప్రాయములలో ఏది నిజమో, ఏది వట్టి నమ్మకమో వేఱుపఱచి చూచుకొనవలసి వచ్చినది.

రేకు అనగా లేమికి గుర్తు అనునది వానిలో మొదటిది. మన భాషలో ఆ మాటకు ఇంత హీనదశ ఎన్నడు పట్టినదో గాని, పువ్వునకు రేకులున్నవి. అన్నమాచార్యుని సంకీర్తనలు నిలిచినది రాగిరేకుల మీదనే. తిరుమలలో ఆనందనిలయ విమానమును కప్పియున్నవి బంగారు పూత పెట్టిన రాగిరేకులే. ఈ అపకీర్తికి కారణము, ఆస్బెస్టాస్ నారతో చేసిన సిమెంటు రేకును, ఉక్కు రేకును మనము ఒక్క పేరుతో పిలుచుటయే యని నాకు తోచుచున్నది. కాలు మోపిన పగులునట్టిదియు, కోసినపుడు లేచు ధూళి ఊపిరితిత్తులకు ప్రాణాంతకమగునట్టిదియు సిమెంటు రేకు. ఆ రెండు దోషములును ఉక్కు రేకునకు లేవు. లండను నగరమున హెన్రీ పామర్ అనునాతడు 1829లో మడతల ఇనుపరేకునకు పేటెంటు పొందినపుడు కనుగొన్న రహస్యమెల్ల, పలుచని కాగితమును విసనకఱ్ఱవలె మడిచినచో అది బరువును మోయుననునదే. మన రేకుల కప్పులన్నియు ఆ మడత సంతానమే.

ఇక తుప్పు. "ఇనుము గదా, పదేండ్లకే జల్లెడ అయిపోతుంది" అని మా పొరుగువారు హెచ్చరించిరి. ఉట్టి ఇనుము విషయమున అది సత్యమే గాని, 1837లో ఫ్రాన్సున సొరెల్ అనునాతడు తుత్తునాగపు పూతకు పేటెంటు పొందిన పిదప ఆ మాటకు బలము తగ్గినది. తుత్తునాగము ఇనుమునకు కేవలము ముసుగు కాదు. గీతపడి ఇనుము బయటపడిన చోట సైతము తాను ముందు క్షయించి దానిని కాపాడును. 1972 నుండి బజారునకు వచ్చిన గాల్వల్యూమ్ పూతలో నూటికి 55 పాళ్లు అల్యూమినియము, 43.4 పాళ్లు తుత్తునాగము, 1.6 పాళ్లు సిలికాన్ ఉండును. ఇది బయలున ఎక్కువ కాలము నిలుచుమాట నిజమేయైనను, అన్నిచోట్ల శ్రేష్ఠమనుట పొరపాటు. తడిసిన సిమెంటు తగిలినచో అందలి క్షారము దీనిని తినివేయును, పశువుల కొట్టములలోని అమోనియా వాయువు దీనికి శత్రువు. అనగా మా మిత్రులు వెక్కిరించిన కోళ్లఫారమునకే ఈ రేకు తగదు, నా పుస్తకములకు తగును!

గేజి లెక్కలో మోసపోవువారు విద్యావంతులలోనే ఎక్కువ. అంకె పెరిగినకొలది రేకు పలుచనగును గాని దళసరి కాదు. 24 గేజి కంటె 26 గేజి పలుచనిది. కావున మిల్లీమీటరులలో అడుగుటయే క్షేమము. అప్పుడైనను, రంగుతో కలిపి చెప్పుచున్నారా, ఉట్టి ఉక్కు మందము చెప్పుచున్నారా అని రెట్టించి అడుగవలెను.

ఎండ సంగతి వీటన్నిటికంటె సూక్ష్మమైనది. అద్దమువలె మెఱయు రేకు ఎండను తిప్పికొట్టును గనుక చల్లగా నుండునని అందఱు తలంతురు. తిప్పికొట్టుట నిజమే, కాని తాను గ్రహించిన కొద్ది వేడిని తిరిగి ఆకాశమునకు వెడలగ్రక్కు గుణము మెఱయు లోహమునకు బహుస్వల్పము. వైశాఖమాసపు మధ్యాహ్నమున నిలిపియుంచిన స్కూటరు తళతళలాడు గొట్టమును ముట్టుకొన్నవానికి ఈ శాస్త్రము వేఱుగ బోధింపనక్కఱలేదు. తెల్లని రంగు పూసిన రేకు ఎండను తిప్పికొట్టుటయే గాక, వేడిని వదలుకొనును గూడ. తెలంగాణ ప్రభుత్వము 2023లో చల్లని పైకప్పుల విధానమును ప్రకటించినపుడు ఆదరించినది ఇట్టి ఉపరితలములనే. పెంకుల ఆకారమున అచ్చొత్తిన ఎఱ్ఱరేకు మంగుళూరు పెంకువలె చల్లననుకొనుట వట్టి దృష్టిభ్రమ. అది పెంకు వేషము వేసిన ఉక్కు. ఇక మేడమీద రేకులు వేసిన క్రింది అంతస్తు మండిపోవునను భయమున్నదే, అది తలక్రిందులైన మాట. ప్రక్కలు తెఱచియుంచి గాలి ఆడనిచ్చిన రేకు స్లాబునకు గొడుగువంటిది.

మరలు కనబడని నిలువు అతుకుల రేకే అన్నిటిలో ఉత్తమమని ఒక యువ ఇంజనీరు వాదించెను. ఉక్కు, ఒక్క డిగ్రీ వేడికి, మీటరునకు 12 మైక్రోమీటరుల చొప్పున సాగును. పది మీటరుల రేకు రాత్రికిని పగటికిని 50 డిగ్రీల తేడా చూచినచో 6 మిల్లీమీటరులు సాగి ముడుచుకొనును. బిగించిన మరల చుట్టు రంధ్రములు క్రమముగ పెద్దవగుట ఇట్లే. 2017 నవంబరులో రైళ్లు తిరుగ నారంభించిన తార్నాక మెట్రో స్టేషనువంటి దీర్ఘమైన కట్టడములకు, పట్టీలమీద జాఱుచు సాగగల ఆ రేకు అవసరము కావచ్చును. నా గది పొడవు నాలుగు మీటరులు. దానికి సాధారణమైన గట్ల రేకును, మంచి రబ్బరు వాషరు గల మరలును చాలును. మర మాత్రము నీరు పాఱు పల్లమున గాక గట్టు మీద పడవలెను, వాషరు చితికి వెలికి ఉబ్బునంతగా బిగింపరాదు.

బరువైన రేకు గాలికి లేవదనునది ప్రమాదకరమైన భ్రమ. ప్రామాణిక లెక్కలలో హైదరాబాదునకు గాలి వేగము సెకనునకు 44 మీటరులు, విశాఖపట్నమునకు 50. 44 మీటరుల వేగమునకే గాలి ఒత్తిడి చదరపు మీటరునకు నూఱు కిలోలు దాటును. అర మిల్లీమీటరు రేకు బరువో, సుమారు ఐదు కిలోలు. గాలి కప్పును క్రిందికి నొక్కుటకంటె మీదికి పీల్చుటయే ఎక్కువ, అదియును అంచులయందు, మూలలయందు మఱింత తీవ్రముగ. 2014 అక్టోబరు 12న విశాఖను తాకిన హుద్‌హుద్ తుపాను ఈ పాఠము చెప్పియే పోయినది. అంచులలో మరలు దగ్గఱగా వేయుమని నేను కోరగా మా మేస్త్రి, "గంత అవసరం లేదు సార్, మనకాడ గాలెక్కడిది?" అనెను. వేయించితిని. రేకులను రాపిడి చక్రపు మిషనుతో కోయబోవగా గూడ ఆపితిని. ఎగిరిన నిప్పురవ్వలు రంగుమీద పడి చల్లారి, తొలివానకే తుప్పుచుక్కలగును. "ఏం గాదు సార్, అన్ని గిట్లనే కోస్తం" అని గొణుగుచునే కత్తెర తెప్పించినాడు.

పిడుగు లోహమును వెదకికొని వచ్చునను మాటకు ఆధారము లేదు. అది ఎత్తును చూచును, లోహమును గాదు. లోహము మండదు గూడ.

వాన చప్పుడు మాత్రము సంపూర్ణముగ అపోహ కాదు. రేకులను మోయు అడ్డుకమ్ములైన పర్లిన్లమీద ఉట్టిగ పఱచిన రేకు డప్పు వంటిదే. దాని క్రింద దళసరి రాతిదూది పఱచి, లోకప్పు వేసినచో చినుకు చినుకుగ వినబడదు. గదికట్లు చేయించితిని గాని, ముందున్న వరండాకు ఏమియు వేయింపలేదు. మృగశిర కార్తె తొలివాననాడు మా మిత్రులు వచ్చి, లోపల కూర్చుండుమన్నను వినక ఆ వరండాలోనే కుర్చీ వేసికొని, ఏదో చెప్పుచుండిరి. నాకు ఒక్కమాటయు వినబడలేదు.