మొండి గడ్డం - మొండి బ్లేడు

ఉక్కుకన్నా వెంట్రుక 50 రెట్లు మెత్తన. అయినా రోజూ జరిగే ఆ పోరులో ఓడేది ఉక్కే సుమా! దీని రహస్యాన్ని అమెరికాలోని ఎం.ఐ.టి. శాస్త్రజ్ఞులు 2020లో బయటపెట్టారు. బ్లేడు అంచు అరిగిపోవడమే కాదు, వెంట్రుక వంగి పక్కవాటుగా ఒత్తినచోట కంటికానని పెచ్చులుగా ఊడుతుందట.

కాబట్టి బ్లేడు సంరక్షణ గడ్డం దగ్గరే మొదలు కావాలి. స్నానం చేశాక గీసుకోవడం మేలు. తీరిక లేకపోతే వేడినీళ్లతో రెండు మూడు నిమిషాలైనా తడపాలి. నానిన వెంట్రుక సులువుగా తెగుతుంది.

మా నాన్నగారు బ్లేడును గాజుగ్లాసు లోపలి గోడకు ఆనించి, అటూ ఇటూ రుద్ది పదును తెప్పించేవారు. మంగలి తన కత్తిని తోలుపట్టీ మీద వెన్ను ముందుగా లాగడంలోనూ కిటుకు అదే. ఒరిగిన అంచు మళ్లీ నిలబడుతుంది. కాని నేటి స్టెయిన్‌లెస్ బ్లేళ్ల అంచుకు పల్చని పూత ఉంటుంది. రుద్దితే అది లేచిపోవచ్చు. గుడ్డతో తుడవనూ వద్దు. నీళ్లతో కడిగి, విదిలించి, గాలికి ఆరనిస్తే చాలు.

ఇంట్లోవాళ్లకూ ఒక మనవి. ఆ బ్లేడుతోనే కుట్లు విప్పి, పిల్లల పెన్సిళ్లు చెక్కి, మళ్లీ రేజరులో పెట్టేస్తే మర్నాడు ఇంటాయన చెంపే సాక్ష్యం చెబుతుంది!

ఇక పారవేసే సంగతి. గడ్డానికి మొండిదైన బ్లేడు చెత్త ఎత్తేవారి చేతికి ఇంకా పదునైనదే. మూతకు సన్నని చీలిక పెట్టిన పాత రేకుడబ్బా ఒకటి గూట్లో ఉంచండి. వాడేసిన బ్లేళ్లన్నీ అందులోకే పోవాలి.