చల్లబడితే పట్టు వదిలే పళ్లెం

భోజనం చేస్తూ మాటల్లో పడి బుగ్గ కొరుక్కుంటాం. నాలుగు రోజులు కారం తగిలితే మండుతుంది. వారం తిరిగేసరికి ఎక్కడ తెగిందో వేలు పెట్టి చూపించలేం. అంతే గాయం మోకాలి మీద అయితే మచ్చ ఏళ్ల తరబడి ఉండిపోతుంది. వేడి, పులుపు, పంటి ఒరిపిడి రోజంతా భరించే చోటు కాబట్టి నోటి పొర త్వరగా అరుగుతుంది, అంత త్వరగానూ పుడుతుంది. ఆ పుట్టించే పని పొర అడుగున ఉన్న మూలకణాలది. మనం పెద్దవాళ్లమైనా అవి పని మానవు.

ఈ బుగ్గ కణాలు చూపు పోయిన కళ్లకు చూపు తెచ్చాయి. దాని వెనక ఒక పళ్లెం ఉంది. చూడటానికి ప్రయోగశాలల్లో రోజూ వాడే ప్లాస్టిక్ పళ్లెమే. ఈ కథ దానిది.

ముందు కంటి సంగతి. నల్లగుడ్డు మీద అద్దంలా పరుచుకున్నది కార్నియా. దాని పైపొర కణాలు రాలిపోతుంటే కొత్తవి అందించే మూలకణాలు నల్లగుడ్డు, తెల్లగుడ్డు కలిసే అంచున ఉంటాయి. ఆ అంచును డాక్టర్లు లింబస్ అంటారు. కంట్లో సున్నమో యాసిడ్డో పడితే ఈ అంచు కాలిపోతుంది. కొన్ని మందులు వికటించి వచ్చే స్టీవెన్స్ జాన్సన్ జబ్బులోనూ అది దెబ్బతింటుంది. అప్పుడు తెల్లగుడ్డు మీది పొర రక్తనాళాలతో సహా నల్లగుడ్డు మీదికి పాకి అద్దాన్ని కప్పేస్తుంది. నేత్రదాతల కార్నియా తెచ్చి అతికించినా నిలవదు, దాన్ని పోషించే అంచు లేదు కనుక.

ఒక కన్నే పోతే మంచి కంటి అంచు నుంచి చిన్న ముక్క తీసి పెంచవచ్చు. హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ 2001 నుంచి ఈ చికిత్స చేస్తోంది. మరి రెండు కళ్లూ పోయినవారి మాటేమిటి? పరాయి మనిషి కణాలు పెడితే శరీరం వాటిని తరిమేయకుండా రోగనిరోధక శక్తిని అణిచే మందులు మింగుతూ ఉండాలి. సొంత కణాలే కావాలి, కంటివి మాత్రం లేవు. అలా డాక్టర్ల చూపు నోటి మీద పడింది.

కణాల్ని ఒంటి బయట పెంచడం అప్పటికి కొత్త కాదు. అమెరికాలోని ఎంఐటీలో జేమ్స్ రైన్‌వాల్డ్, హోవర్డ్ గ్రీన్ 1975లోనే మనిషి చర్మ కణాల్ని పళ్లెంలో పెంచి చూపించారు. ఎదుగుదల ఆపేసిన ఎలుక కణాల్ని కింద పరిచి, వాటి అండతో పైన చర్మ కణాల్ని మొలిపించారు. చిక్కంతా పెరిగిన పొరను పైకి తీయడంలో వచ్చింది. కణాలు అడుగున తామే జిగురు ప్రోటీన్లు ఊరించుకుని పళ్లానికి అంటుకుంటాయి. ఆ పట్టు తెగాలంటే ఎంజైములు పోయాలి. ఎంజైము పళ్లెం పట్టునే కాదు, కణాల జిగురునూ తినేస్తుంది. పొర తునకలవుతుంది, లేదా చిరగకుండా వచ్చినా కంటి మీద అంటుకునే శక్తి పోగొట్టుకుంటుంది. పెనానికి పట్టేసిన దోసెను అట్లకాడతో గీకినట్టన్నమాట.

టోక్యో మహిళా వైద్య విశ్వవిద్యాలయంలో తెరువో ఒకానో బృందం కణాల జోలికి పోకుండా పళ్లెం గుణాన్నే మార్చింది. పాలీ ఎన్ ఐసోప్రొపైల్ ఎక్రిలమైడ్ అని ఒక పాలిమర్ ఉంది. పేరు నోరు తిరగనిదైనా దాని నడత తేలిగ్గా అర్థమవుతుంది. 32 డిగ్రీల కన్నా వెచ్చగా ఉంటే అది నీటిని దూరం పెట్టి తామరాకులా ఉంటుంది. అంతకన్నా చల్లబడితే నీళ్లు పీల్చి ఉబ్బుతుంది. కణాల్ని పెంచేది ఒంటి వేడిలో, 37 డిగ్రీల దగ్గర. అప్పుడు అవి పళ్లానికి హాయిగా అంటుకుంటాయి. పెరిగాక పళ్లాన్ని 20 డిగ్రీలకు చల్లార్చితే పాలిమర్ ఉబ్బి, మధ్యలోకి నీరు చేరి, పొర మొత్తం దానంతటదే లేచి వస్తుంది. ఆత్రేయపురంలో కుండ మీద నుంచి పూతరేకు లేచి వచ్చే తీరు చూసినవారికి ఇది వేరే చెప్పనక్కర్లేదు. తేడా ఒక్కటే, అక్కడ వేడి లేపుతుంది, ఇక్కడ చల్లదనం.

ఈ పళ్లెం గురించి మొదటి పరిశోధన పత్రం 1990లో వచ్చింది. ఎలక్ట్రాన్ కిరణాలతో పాలిమర్‌ను ప్లాస్టిక్‌కు అతుకుతారు. ఆ పూత మందం సుమారు 20 నానోమీటర్లు, మన వెంట్రుక మందంలో కొన్ని వేల వంతుల్లో ఒకటి. పూత కాస్త మందమైతే వెచ్చగా ఉన్నా కణాలు అంటవు. ఈ పళ్లెంలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది ఈ కొలతే.

ఒసాకాలో కోజీ నిషిదా బృందం నలుగురు రోగుల బుగ్గల నుంచి 3 మిల్లీమీటర్ల చదరపు ముక్కలు తీసి, ఈ పళ్లాల్లో రెండు వారాలు పెంచింది. కంటి మీద పాకిన పొరను తొలగించి, చల్లార్చి తీసిన పొరను పరిచింది. అడుగు జిగురు చెక్కుచెదరలేదు కాబట్టి కుట్టు అవసరం లేకుండానే అంటుకుంది. వారంలోపు నాలుగు కళ్ల మీదా పైపొర పూర్తిగా పరుచుకుంది, నలుగురికీ చూపు మెరుగైంది. సగటున 14 నెలలు గమనించినా కార్నియాలు తేటగానే ఉన్నాయి. ఈ ఫలితాలు 2004లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో అచ్చయ్యాయి. అదే ఏడాది క్యోటోలో నకమురా, కినోషితా బృందం బుగ్గ కణాల్ని ఉమ్మనీటి సంచి పొర మీద పెంచి రోగులకు అతికించిన ఫలితాలు ప్రకటించింది. హైదరాబాద్ ఎల్.వి. ప్రసాద్ సంస్థ శాస్త్రవేత్తలూ బుగ్గ కణాల్ని అలాంటి పొర మీదే పెంచి, వాటి గుణాల్ని 2008లో వివరించారు.

లోటూ చెప్పాలి. బుగ్గ కణం కంటి మీద కూర్చున్నంత మాత్రాన కంటి కణమైపోదు. అసలు కార్నియా రక్తనాళాల్ని దరి చేరనివ్వదు. నోటి పొరకు అంత నిగ్రహం లేదు, అంచుల్లో సన్నని నాళాలు మళ్లీ పాకుతాయి. కన్నీళ్లు బొత్తిగా ఎండిపోయిన కంట్లో పొర నిలవడమూ కష్టమే. అయినా మసక చీకటి తప్ప ఏమీ ఎరగని మనిషి ఇంట్లో ఆసరా లేకుండా నడవగలగడం చిన్న మేలు కాదు.

ఈ పళ్లెం కంటితోనే ఆగలేదు. అన్నవాహికలో తొలిదశ క్యాన్సర్‌ను ఎండోస్కోప్‌తో ఒలిచి తీస్తే, గాయం మానేటప్పుడు గొట్టం ఇరుకై మింగుడు పడదు. టోక్యో వైద్యులు 9 మంది రోగులకు వారి బుగ్గ పొరనే ఆ గాయం మీద పరిచి, ఫలితాల్ని 2012లో ప్రకటించారు. కంటికి వాడే బుగ్గ పొరను జపాన్ ప్రభుత్వం 2021లో మామూలు చికిత్సగా అనుమతించింది. మూలకణం పేరు చెప్పి కీళ్ల నొప్పి నుంచి బట్టతల దాకా నయం చేస్తామనే ప్రకటనల మధ్య, నాకు ఈ ముప్పై ఏళ్ల ఓపిక మీదే గౌరవం.

అంతటి చికిత్స అవసరం రాకుండా చూసుకోవడం మాత్రం మన చేతిలో ఉంది. తాంబూలానికో ఖైనీకో తెచ్చిన సున్నం ప్యాకెట్ పిల్లల చేతికి అందనివ్వకండి, నొక్కితే పగిలి నేరుగా కళ్లలోకి చిమ్ముతుంది. పొరపాటున పడితే ఆసుపత్రికి పరుగెత్తే ముందే, ఉన్నచోటే, శుభ్రమైన నీళ్లు ధారగా పోస్తూ, రెప్పలు తెరిచి పట్టుకుని అరగంట కడగండి. పాలు, ఆకు పసర్లు పోయకండి. ఆ తర్వాత వెంటనే కంటి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి, రెప్పల కింద ఇరుక్కున్న సున్నపు పలుకుల్ని ఆయనే తీయాలి.