కచ్చరం పోయి కారు వచ్చినా లక్నవరం గట్టున అదే విడిది

గోవిందరావుపేట: సామాను బండిలో, పిల్లలు సామాను మీద, కుక్క బండి నీడన. వెనుకటి రోజులలో మేడారం జాతరకు బయలుదేరిన కుటుంబం తీరు ఇది. కచ్చరానికి పైన గూడు కట్టి, లోపల వరిగడ్డి పరచి, దానిమీద గొంగడి వేస్తే అదే పడకగది. ఇరుసుకు కట్టిన లాంతరే దీపం. బండి ఆగిన చోట మూడు రాళ్ళు పెడితే వంటిల్లు. పోవడానికి, ఉండటానికి, రావడానికి కలిపి వారం రోజుల సంసారం ఆ బండిలోనే సాగేది.

పరదేశాలలో పడక, పొయ్యి, నీళ్ళ ట్యాంకు, మరుగుదొడ్డి అన్నీ అమర్చిన ఇల్లుబండ్లు ఉంటాయి. భార్యాబిడ్డలతో వాటిలో పోయి పెద్ద సరస్సుల ఒడ్డున నాలుగు రోజులు గడపడం అక్కడి వారికి ముచ్చట. ఆ ముచ్చట మనకూ కొత్త కాదు. ఎడ్లు పోయి ఇంజన్లు వచ్చాయి, అంతే తేడా. ఇప్పుడు ట్రాక్టర్లు, డి.సి.ఎం. వ్యాన్లు, జీపులు, కార్లు వస్తున్నవి. కారు కప్పు మీదనే గుడారం బిగించుకుని వచ్చే పట్నం వారూ ఉన్నారు. ఎవరు ఎందులో వచ్చినా, నీళ్ళు కనబడగానే బండి ఆపాలన్న కోరిక మాత్రం మారలేదు.

కొండల నడుమ చెరువు

ములుగు జిల్లా గోవిందరావుపేట మండలంలోని లక్నవరం చెరువు కాకతీయుల నాటిది. కొండల నడుమ ఉన్న మూడు ఇరుకు సందులకు చిన్న కట్టలు పోసి, మిగిలిన కట్ట పని కొండలకే అప్పగించారు ఆనాటి వారు. తక్కువ మట్టితో రెండు టి.ఎం.సి.లకు పైగా నీరు నిలిచింది. నీటి మధ్య పదమూడు దీవులు తేలాయి. వాటిలో కొన్నింటికి వేలాడే వంతెనలు వేసి, పర్యాటక సంస్థ వారు బస గదులు కట్టించారు. వరంగల్లు నుంచి సుమారు 75 కిలోమీటర్లు. జాతీయ రహదారి మీద చల్వాయి వద్ద మళ్ళి, బుస్సాపూర్ మీదుగా పోవాలి. దారిలోనే పాలంపేట రామప్ప గుడి. 2021లో దానికి ప్రపంచ వారసత్వ కట్టడంగా గుర్తింపు వచ్చిన తరువాత ఈ దారిన వచ్చే కుటుంబాలు రెండూ చూసిపోతున్నవి.

ఒకటే నీరు, రెండు అవసరాలు

ఈ చెరువు చూసి పోయేవారికి వేడుక. ఆయకట్టు రైతుకు మాత్రం అన్నం గిన్నె. రెండేండ్లకు ఒకసారి మాఘమాసంలో సమ్మక్క సారలమ్మ జాతర జరిగినప్పుడు, భక్తుల స్నానాలకు జంపన్న వాగులోకి ఈ చెరువు నీరే వదులుతారు. 2024 ఫిబ్రవరి 21 నుంచి 24 వరకు జరిగిన జాతరలో లక్షలాది మంది ఆ వాగులోనే మునిగారు. సమ్మక్క కొడుకు జంపన్న కాకతీయ సైన్యంతో పోరాడి ఆ వాగులో ఒరిగాడని, ఆయన రక్తంతో సంపెంగ వాగు ఎర్రబడి జంపన్న వాగు అయిందని గిరిజనుల నమ్మకం. కాకతీయులు కట్టిన చెరువు నీరే నేడు జంపన్న పేరిట పారుతున్నది!

మాఘమాసమంటే యాసంగి పొలానికీ నీరు కావలసిన కాలం. రైతు కన్ను తూము మీద, భక్తుని కన్ను వాగు మీద. ఇద్దరికీ సరిపోవాలంటే నీరు నిండుగా ఉండాలి, శుభ్రంగానూ ఉండాలి. గట్టున వండుకున్న వారు వదిలిన ప్లాస్టిక్ గ్లాసులు, విస్తళ్ళు, సీసాలు తొలి వానకే చెరువులోకి దిగుతాయి. ప్లాస్టిక్ తూముకు అడ్డం పడుతుంది. పగిలిన సీసా పొలంలో నాటు వేసే కూలి తల్లి అరికాలులో దిగుతుంది. వలవేసే బెస్తవారికి చేపకు బదులు చెత్త వస్తుంది. ఒక పూట విందు చేసుకున్న వారి ఖర్చు ఏడాదంతా మరొకరు భరించవలసి వస్తున్నది.

విడిది చేసేవారికి

కుటుంబంతో వచ్చి రాత్రి ఉండదలచిన వారు ముందుగా అక్కడి సిబ్బందిని అడిగి, వారు చూపిన చోటనే దిగాలి. నీటి అంచున బండి నిలపరాదు. పైన ఎండినట్టు కనబడినా అడుగున బంకమట్టి ఉంటుంది. తెల్లవారే సరికి చక్రాలు దిగబడతాయి. చదునైన గట్టి నేల చూసి, చక్రాలకు ముందూ వెనుకా రాళ్ళు పెట్టుకోవాలి. ట్రాక్టరు ట్రాలీ సరుకు మోయడానికే గాని మనుషులను ఎక్కించడానికి కాదు. బోల్తాపడితే పట్టుకోవడానికి ఏమీ ఉండదు.

చలికి తాళలేక బండి తలుపులన్నీ మూసుకుని లోపల బొగ్గుల కుంపటి గాని, గ్యాసు పొయ్యి గాని పెట్టుకుని పడుకోవడం ప్రాణాంతకం. బొగ్గు నుంచి వచ్చే విషవాయువుకు రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే మనిషి పోతాడు. వంట బయటనే చేసుకుని, నిప్పు మీద నీళ్ళు పోసి, చెయ్యి పెట్టి చూసి, చల్లబడిన తరువాతనే పడుకోవాలి. మాఘం దాటితే అడవిలో ఆకు రాలి ఉంటుంది. ఒక్క నిప్పురవ్వ చాలు.

పిల్లలను నీటి వద్ద ఒక్క క్షణమైనా ఒంటరిగా వదలరాదు. చెరువు అడుగు చదునుగా ఉండదు. మోకాటి లోతు తరువాత అడుగుకే నిలువు లోతు రావచ్చు. తూము దగ్గర, మత్తడి దగ్గర స్నానం అసలే కూడదు. పడవ ఎక్కితే ఈతవచ్చిన వారైనా సరే రక్షణ కోటు వేసుకోవలసిందే. తాగే నీరు ఇంటి నుంచే తెచ్చుకోవాలి. చెరువు నీరే దిక్కయితే తెర్లకాచి తాగాలి. బహిర్భూమికి నీటి అంచుకు కనీసం డెబ్బై అడుగుల వేతలు ఎడంగా పోయి, జానెడు గుంట తీసి, తిరిగి మట్టి కప్పాలి.

వానకాలంలో వాగుల పక్కన విడిది వద్దు. 2023 జూలైలో జంపన్న వాగు పొంగి ఏటూరునాగారం మండలం కొండాయి గ్రామస్థులు పలువురు ప్రాణాలు కోల్పోయారు. పుట్టి పెరిగిన వారినే వాగు వదలలేదు. గాలివాన సూచన ఉంటే చెట్ల కింద గుడారం వేయరాదు. 2024 ఆగస్టు 31న తాడ్వాయి, మేడారం అడవులలో వీచిన పెనుగాలికి వేలాది చెట్లు వేళ్ళతో సహా కూలినవి. ఆనాడు వాటి కింద ఏ కుటుంబమైనా నిద్రపోతూ ఉంటే ఏమయ్యేదో చెప్పనక్కరలేదు.

గ్రామస్థుల కోరిక

ఇల్లుబండ్లు తిరిగే దేశాలలో అవి ఆగడానికి ప్రత్యేక స్థలాలు ఉంటాయి. అక్కడ నీటి కుళాయి, కరెంటు, మురుగు వదిలే తొట్టి ఏర్పాటు చేస్తారు. ఇక్కడ అంత ఆర్భాటం అక్కరలేదు. కట్టకు ఎడంగా బండ్లకు ఒక మైదానం, జాతర రోజుల రద్దీకి చాలినన్ని మరుగుదొడ్లు, చెత్త తొట్లు, రాత్రికి దీపాలు, లోతు తెలిపే బోర్డులు ఉంటే చాలు. ఆ మైదానం కాపలా, శుభ్రత పనులను చుట్టుపక్కల ఊళ్ళ యువకులకే అప్పగిస్తే వారికి నాలుగు రూపాయలు దొరుకుతాయి. చెరువు మీద వారికున్న మమకారం వేరెవరికీ ఉండదు. ఈ దిశగా అధికారులు శ్రద్ధ వహించవలసి ఉన్నది.

అధికారుల కోసం ఎదురుచూడకుండా చేయదగిన పని ఒకటి ఉన్నది. వెనుకటి వారు బండి కట్టేముందు విడిది చేసిన చోటు ఊడ్చి, పొయ్యిరాళ్ళు పక్కకు పెట్టి, మిగిలిన కట్టెలు తరువాత వచ్చేవారి కోసం చెట్టు మొదట్లో పేర్చి పోయేవారు. వచ్చేది ఎవరో వారికి తెలియదు. తెలియని వారి కోసమే ఆ కట్టెలు. కచ్చరం పోయినా ఆ అలవాటు పోకుండా చూసుకుంటే, మన మనుమలు వచ్చి దిగేనాటికి కూడా లక్నవరం గట్టున కూర్చోవడానికి చోటు, కాళ్ళు కడుక్కోవడానికి మంచినీరు మిగులుతాయి.