ఒక్క రాత్రి కోసం ఏడాది శ్రమ: శివకాశి బాణసంచా వ్యాపారం నడిచే తీరు

దీపావళినాడు మన దేశంలో వెలిగే కాకరపువ్వొత్తులు, చిచ్చుబుడ్లు, భూచక్రాలు, తారాజువ్వలలో దాదాపు 90 శాతం ఒకే ప్రాంతం నుంచి వస్తాయని పరిశ్రమ వర్గాల అంచనా. అది తమిళనాడులోని విరుదునగర్ జిల్లాకు చెందిన శివకాశి. 2021లో నగరపాలక సంస్థ హోదా పొందినప్పటికీ, స్వభావంలో అది నేటికీ చిన్న పట్టణమే. ప్రత్యక్షంగానూ పరోక్షంగానూ సుమారు 8 లక్షల మంది ఈ పరిశ్రమపై ఆధారపడి ఉన్నారని తయారీదారులు చెబుతారు. ఇంతమంది ఏడాది పొడవునా తయారుచేసిన సరుకుకు ప్రధానమైన గిరాకీ మాత్రం ఒక్క పండుగే. పెళ్లిళ్లు, జాతరలు, ఎన్నికల ఊరేగింపులు ఉన్నా వాటి వాటా స్వల్పం. అక్కడి రాబడి, అప్పులు, చివరకు ప్రమాదాలు కూడా ఈ ఒక్క రాత్రితో ముడిపడినవే.

శివకాశి వర్షాభావ ప్రాంతం. సాగునీరు కరవు, పంటలపై నమ్మకం తక్కువ. 1920ల తొలినాళ్లలో షణ్ముగ నాడార్, అయ్య నాడార్ అనే ఇద్దరు యువకులు కలకత్తా వెళ్లి అగ్గిపుల్లల తయారీ నేర్చుకుని వచ్చారు. సేద్యాన్ని దెబ్బతీసిన పొడి వాతావరణమే అగ్గిపుల్లలు ఆరడానికి, మందు గడ్డకట్టకుండా ఉండడానికి అక్కరకు వచ్చింది. అగ్గిపెట్టెల నుంచి రంగు అగ్గిపుల్లలకు, వాటి నుంచి బాణసంచాకు పరిశ్రమ విస్తరించింది. అగ్గిపెట్టెలపై అంటించే బొమ్మల కోసం వచ్చిన ముద్రణ యంత్రాలు కాలక్రమంలో స్వతంత్ర పరిశ్రమగా ఎదిగాయి. మన ఇళ్లలో గోడలకు వేలాడే దేవుళ్ల క్యాలెండర్లలో ఎన్నో అక్కడ అచ్చయినవే.

పట్టణానికి కొత్త సంవత్సరం దీపావళి మరునాటి నుంచి మొదలవుతుందని చెప్పవచ్చు. పండుగకు ముందు కార్మికులకు బోనస్ అందుతుంది, బజార్లు కిటకిటలాడతాయి, ఆపై కర్మాగారాలకు సెలవులు. తిరిగి తెరిచాక నెలల తరబడి తయారీ సాగుతుంది. వసంతంలో మారియమ్మ, భద్రకాళి ఆలయాల పొంగల్ ఉత్సవాలకు పని ఆగుతుంది. ఆగస్టు ఆరంభంలో వచ్చే ఆడి పెరుక్కు, అంటే తమిళ ఆడి మాసం 18వ నాడు, వ్యాపారులు పూజలు చేసి ఆ ఏటి అమ్మకాలు ప్రారంభిస్తారు. క్యాలెండర్ ముద్రాపకులు మరుసటి ఏటి నమూనాలను విడుదల చేసేదీ ఆ రోజునే.

ఈ చక్రాన్ని తిప్పేది అరువు. ఇతర రాష్ట్రాల టోకు వ్యాపారులలో అనేకులు సరుకును అప్పుపై తీసుకుని, పండుగ అమ్మకాలు ముగిశాక బాకీ చెల్లిస్తారు. ముడిపదార్థాల ఖర్చు, కూలీల వేతనం మాత్రం తయారీదారు ముందే భరించాలి. కనుక దీపావళి వారంలో ఏ నగరంలో వర్షం కురిసినా, ఏ రాష్ట్రంలో నిషేధం వెలువడినా, ఆ దెబ్బ శివకాశి వడ్డీ లెక్కల్లోకి చేరుతుంది.

దానికంటే బరువైన మూల్యం మరొకటి ఉంది. 2012 సెప్టెంబరు 5న శివకాశి సమీపంలోని ముదలిపట్టి కర్మాగారంలో జరిగిన పేలుడులో 30 మందికి పైగా మరణించారు. 2021 ఫిబ్రవరిలో సాత్తూరు సమీపంలోని అచ్చన్‌కుళంలో మరో ఘోర ప్రమాదం సంభవించింది. ఒక్కో గదిలో నలుగురికి మించి పనిచేయరాదని, గదుల మధ్య నిర్దిష్ట దూరం ఉండాలని నిబంధనలు చెబుతున్నాయి. కలిపిన మందును ఆ రోజే వాడివేయాలి. అల్యూమినియం పొడి కలిసిన మిశ్రమం రాత్రంతా నిల్వ ఉండి తేమ తగిలితే తనంతట తానే వేడెక్కుతుంది. గడువు ముంచుకొచ్చేకొద్దీ గదుల్లో మనుషులు పెరుగుతారు, చెట్ల కింద కూడా మందు కూరుతారు. ముక్కల లెక్కన కూలి దొరికే చోట వేగమే సంపాదన. లైసెన్సు ఒకరిదైతే, దానిని గదుల వారీగా కౌలుకు తీసుకుని నడిపేది మరొకరు కావడం చాలా ప్రమాదాల విచారణల్లో బయటపడిన సంగతి. కౌలుదారుకు ఆ ఒక్క సీజన్ లాభమే లక్ష్యం కావడంతో భద్రతపై పెట్టే ఖర్చు అతనికి నష్టంగానే తోస్తుంది.

2018 అక్టోబరు 23న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఈ పరిశ్రమ దిశను మార్చింది. తక్కువ కాలుష్యం వెదజల్లే హరిత బాణసంచాకే అనుమతి, సరాలుగా పేలే టపాకాయలపై నిషేధం, ఈ-కామర్స్ సంస్థల ద్వారా అమ్మకాలకు నిషేధం, దీపావళి రాత్రి కాల్చడానికి రెండు గంటల సమయం అందులోని ముఖ్యాంశాలు. అప్పటికి పండుగకు రెండు వారాలు మాత్రమే ఉంది, ఏడాది సరుకు అప్పటికే గోదాములు దాటిపోయింది. అన్నిటికంటే పెద్ద దెబ్బ బేరియం లవణాల నిషేధం. బేరియం నైట్రేట్ మండడానికి కావలసిన ప్రాణవాయువును అందిస్తుంది, ఆకుపచ్చ రంగునూ ఇస్తుంది. కాకరపువ్వొత్తి వంటి వెలుగుల రకాలకు అదే ఆధారం. పెద్ద చప్పుడుతో పేలే వాటికంటే పిల్లలు చేతపట్టుకునే కాకరపువ్వొత్తికే నిషేధం ఎక్కువ తగిలిందన్నది చాలామంది గమనించని విషయం. పండుగ తర్వాత కర్మాగారాలు నిరసనగా నెలల తరబడి మూతపడ్డాయి. మెరుగుపరిచిన మిశ్రమంలోనైనా బేరియం వాడనివ్వాలన్న విజ్ఞప్తిని 2023 సెప్టెంబరులో న్యాయస్థానం తోసిపుచ్చింది.

నీరి అనే జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ రూపొందించిన హరిత రకాల నుంచి సూక్ష్మ ధూళి కణాలు సుమారు 30 శాతం తక్కువగా వెలువడతాయి. అంటే పొగ ఉండదని కాదు, తగ్గుతుందని మాత్రమే. అసలైన హరిత బాణసంచాను గుర్తించడానికి పెట్టెలపై సంస్థ ముద్ర, క్యూఆర్ కోడ్ ఉంటాయి. కొనుగోలుదారులు చౌక ధర కంటే ముందుగా వాటిని చూడడం మంచిది. రైళ్లలో బాణసంచా తీసుకువెళ్లడం నేరమన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి.

2025లో ఢిల్లీ రాజధాని ప్రాంతంలో దీపావళికి హరిత బాణసంచా కాల్చడానికి సుప్రీంకోర్టు అనుమతించింది. ఉత్తర్వు వెలువడింది అక్టోబరు 15వ తేదీన, దీపావళి 20న. ఢిల్లీ వంటి పెద్ద మార్కెట్ తెరుచుకోవడం శుభవార్తే అయినా, అయిదు రోజుల ముందు తెలిసిన అనుమతితో శివకాశి కొత్తగా సరుకు తయారు చేయలేదు. ఉన్న నిల్వను పంపగలదు, అంతే. నియమాలు కఠినంగా ఉండడంపై కాక, అవి జనవరిలోనే తెలియకపోవడంపైనే అక్కడి తయారీదారుల ప్రధాన అభ్యంతరం. ఆ అభ్యంతరంలో న్యాయముంది. ఆలస్యంగా తెలిసిన నియమం చివరి వారాల హడావుడిని పెంచుతుంది, ఆ హడావుడిలో మందు గదుల్లో కూర్చునేది కూలీలు.

పండుగ ముగియగానే గుమాస్తాలు బాకీల వసూలుకు వివిధ రాష్ట్రాలకు బయలుదేరుతారు. ముద్రణాలయాల్లో క్యాలెండర్ల పని ముమ్మరంగా సాగుతుంది. వసూలైన సొమ్మును బట్టి మరుసటి ఏడు ఎన్ని గదులు తెరవాలో, ఎంతమందికి పని ఇవ్వాలో కర్మాగారాల యజమానులు నిర్ణయిస్తారు.