తోటకు ఏ పనిముట్టు కొనాలి, ఏది అద్దెకు తేవాలి

మన రెండు రాష్ట్రాల్లో ట్రాక్టర్ కొన్న రైతు దాని వెనక ముందుగా తగిలించేది కల్టివేటర్. చేతిలో నాలుగు డబ్బులు ఆడగానే ఇంటికి వచ్చేది రోటవేటర్. వరి, పత్తి, మిరప వేసేవారికి ఈ వరుస బాగానే సరిపోతుంది. వాళ్లకు ఏటా పంట తీసేయడం, ఏటా దుక్కి చేయడం ఉంటుంది. ఈ ఏడు దుక్కి సరిగా కుదరకపోతే వచ్చే ఏడు సరిదిద్దుకోవచ్చు. పండ్ల తోటకు ఆ వెసులుబాటు లేదు. బత్తాయి మొక్క నాటితే ఇరవై ఏళ్లు, మామిడి నాటితే రెండు తరాలు అదే చోట నిలబడుతుంది. చెట్టు కింద నేలను లోతుగా కదిలించే అవకాశం నాటకముందు ఒక్కసారే ఉంటుంది. ఆ తర్వాత అక్కడ ఇనుము ఎంత లోతుకు దిగితే వేర్లకు అంత నష్టం. అందుకే పొలానికి పనిముట్లు ఎంచినట్టు తోటకు ఎంచకూడదు. లోతుగా దిగే పెద్ద పనిముట్లతో పని ఒక్కసారే కాబట్టి వాటిని అద్దెకు తెచ్చుకోవాలి. తోట బతికినన్నాళ్లూ వాడాల్సినవి, పైపైన పనిచేసేవి సొంతంగా ఉండాలి. చాలా తోటల్లో ఇది తలకిందులుగా జరుగుతోంది.

ఏ పనిముట్టు కావాలో ముందు నేలను అడగాలి. ఏళ్ల తరబడి పొలంగా ఉన్న భూమిలో, ముఖ్యంగా ఎర్ర చెలకల్లో, అయిదారు అంగుళాల కింద గట్టి పొర ఏర్పడి ఉంటుంది. కల్టివేటర్, రోటవేటర్ ఏటా అదే లోతులో తిరగడం, తడి నేల మీద రెండు టన్నుల బండి నడవడం దీనికి ప్రధాన కారణాలు. పైన మెత్తగా, చూడముచ్చటగా ఉన్న దుక్కి కింద నీరు దిగని నేల దాగి ఉండొచ్చు. దీన్ని కనిపెట్టడానికి పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు. మంచి వాన పడిన రెండు రోజుల తర్వాత సన్నటి ఇనుప ఊచను పొలంలో పది పదిహేను చోట్ల చేత్తో నొక్కి చూడాలి. కొంత దూరం సులువుగా దిగి, అన్నిచోట్లా దాదాపు ఒకే లోతులో ఆగిపోతే అక్కడ పొర ఉన్నట్టే. మరో పరీక్ష కూడా ఉంది. మూడడుగుల గుంత తీసి నీళ్లతో నింపాలి. మర్నాటికీ నీరు అలాగే నిలిచి ఉంటే బత్తాయి, నిమ్మ వంటి మొక్కలకు ఆ చోటు ప్రమాదం. నీరు నిలిచే నేలలో వీటి వేర్లు ఊపిరాడక కుళ్లుతాయి. ఈ రెండు పరీక్షలూ చేయకుండా డీలరు దగ్గరకు వెళ్లడమంటే, జబ్బేమిటో తెలియకుండా మందు కొనడమే.

గట్టి పొర ఉందని తేలితే దానికి పనిముట్టు సబ్‌సాయిలర్. ఒంటి కర్రుతో అడుగున్నర నుంచి రెండడుగుల వరకు దిగి, పైమట్టిని తిరగేయకుండానే కింది పొరను పగలగొడుతుంది. దీన్ని లాగడానికి 45-50 హార్స్‌పవర్, నేల బాగా గట్టిదైతే అంతకు మించిన బండి కావాలి. నేల ఎండి ఉన్నప్పుడే దీనితో పని. ఏప్రిల్, మే నెలల్లో లాగితే పొర పెళ్లలుగా విరిగి, బీటలు పక్కలకు పాకుతాయి. తడి మట్టిలో లాగితే కర్రు సన్నటి చాలు కోసుకుంటూ పోతుంది తప్ప పొర పగలదు, డీజిల్ మాత్రం తగలబడుతుంది. ముందు మొక్కల వరసలు గుర్తుపెట్టుకుని ఆ గీతల వెంబడి ఒకసారి, వాటికి అడ్డంగా మరోసారి లాగితే మొక్క పడే ప్రతిచోటా నేల రెండు దిక్కులా వదులవుతుంది. నల్లరేగడి సంగతి వేరు. ఆ నేల ఎండలకు తనంతట తానే లోతుగా బీటలు తీస్తుంది, దానికి కావలసింది నీరు బయటకు పోయే దారి. అక్కడ సబ్‌సాయిలర్ మీద పెట్టే డబ్బు ఎత్తు మడులకూ కాల్వలకూ పెట్టడం మేలు. పొదలు, మోళ్లు తీసిన కొత్త భూమి అయితే రెక్క నాగలి కంటే డిస్క్ నాగలి నయం. మిగిలిన వేర్ల మీద, రాళ్ల మీద పళ్లెం దొర్లి దాటుతుంది, రెక్క నాగలి తగులుకుని విరుగుతుంది.

భూమి చదును విషయంలో ఒక హెచ్చరిక. కొత్తగా తోట పెట్టేవారికి డోజర్ బ్లేడుతో నేలంతా సమంగా చేయించాలన్న తపన ఎక్కువ. రాయలసీమ ఎర్రనేలల్లో సారవంతమైన పైమట్టి మందం తక్కువ. ఎత్తు భాగం నుంచి దాన్ని గీకి పల్లానికి తోస్తే సగం చేనులో గరపో, మొరమో బయటపడుతుంది. ఆ సగంలో నాటిన మొక్కలు ఏళ్లు గడిచినా కోలుకోవు. డ్రిప్ పెట్టే తోటకు అంత చదును అవసరమే లేదు. వాలుకు అడ్డంగా వరసలు వేసి, గట్లు కట్టి వదిలేస్తే సరిపోతుంది.

ఇక గుంతలు. మామిడికి మూడడుగుల పొడవు, వెడల్పు, లోతు అని చెబుతారు. అంటే 27 ఘనపుటడుగుల మట్టి. కూలీలు దొరకని రోజుల్లో ట్రాక్టర్‌కు తగిలించే గుంతల మిషన్, అదే ఆగర్, వరంలా కనిపించడం సహజం. కానీ లెక్క చూడండి. 18 అంగుళాల బిట్టుతో మూడడుగులు దించితే వచ్చే గుంత 5.3 ఘనపుటడుగులు, సిఫారసు చేసిన దానిలో అయిదో వంతు. 24 అంగుళాల బిట్టుతో 9.4, అంటే మూడో వంతు. దీనికి తోడు జిగట మట్టిలో, ముఖ్యంగా తడి ఉన్నప్పుడు, తిరిగే బిట్టు గుంత గోడలను కుమ్మరి కుండలా నునుపు చేసి బిగిస్తుంది. వేరు ఆ గోడను ఛేదించలేక గుంతలోనే చుట్టలు చుట్టుకుంటుంది. మొదటి రెండేళ్లు పచ్చగా కనిపించిన మొక్క ఆ తర్వాత ఎదగదు. జేసీబీతో తీసిన గుంత గోడలు గరుకుగా ఉంటాయి, రాళ్ల నేలలోనూ పని ఆగదు, పైమట్టి ఒక పక్క, కింది మట్టి మరో పక్క వేయమంటే వేస్తారు. అయితే ఆగర్ పనికిరాదని తీర్మానించడం కూడా తొందరపాటే. గుంత పెద్దదిగా ఉండాలన్న సిఫారసు వెనక ఉద్దేశం వేరు చుట్టూ వదులు నేల ఉండాలన్నదే. సబ్‌సాయిలర్ రెండు దిక్కులా తిరిగిన ఎర్రనేలలో ఆ వదులు ముందే వచ్చేసింది కాబట్టి చిన్న గుంత చాలు, ఆగర్ చక్కగా సరిపోతుంది. నేల పొడిగా ఉన్నప్పుడు తీయడం, గోడలను గడ్డపారతో నాలుగు పక్కలా గీరడం మాత్రం మరవకూడదు. నేలను కదిలించకుండా ఆగర్ ఒక్కదానితో తోట పెట్టడమే అసలు తప్పు.

పనిముట్టు ఎంపిక మొక్కల దూరంతో ముడిపడి ఉందన్న సంగతి చాలామందికి ఆలస్యంగా తెలుస్తుంది. బత్తాయిని ఇరవై అడుగుల చదరంలో నాటితే ఎకరాకు 109 మొక్కలు పడతాయి. చెట్టు గుబురు పదిహేను అడుగులకు చేరాక వరసల మధ్య మిగిలేది అయిదడుగులు. మామూలు 45 హార్స్‌పవర్ ట్రాక్టర్ వెడల్పు ఆరడుగుల దరిదాపు. కొమ్మలు విరగకుండా, కాయ రాలకుండా అది దూరదు. అదే మొక్కల్ని వరసల మధ్య 24, వరసలో 18 అడుగుల దూరంలో నాటితే ఎకరాకు 101 పడతాయి. ఎనిమిది మొక్కలు తగ్గినా బండి నడవడానికి తొమ్మిది అడుగుల బాట మిగులుతుంది. దగ్గర దగ్గరగా నాటాలన్న పట్టుదల ఉంటే మూడు, మూడున్నర అడుగుల వెడల్పుండే మినీ ట్రాక్టర్‌కూ దానికి తగ్గ పనిముట్లకూ సిద్ధపడాలి. నాటిన తర్వాత ఈ ఆలోచన చేసి లాభం లేదు.

మొక్కలు నాటాక వచ్చే ప్రశ్న రోటవేటర్. ఇదివరకే ఉంటే దానితోనే కలుపు తీయాలనిపిస్తుంది. బత్తాయి, నిమ్మ చెట్లకు తిండి తెచ్చే సన్నటి వేర్లలో ఎక్కువ భాగం పై అడుగున్నర మట్టిలోనే ఉంటాయి. రోటవేటర్ కత్తులు తిరిగేది సరిగ్గా అక్కడే. తెగిన ప్రతి వేరూ ఒక గాయం, ఆ గాయాల గుండానే వేరుకుళ్లు శిలీంధ్రాలు లోపలికి వెళతాయి. నల్గొండ, అనంతపురం బత్తాయి రైతులకు ఎండు వేరుకుళ్లు ఎంత నష్టం చేస్తుందో వేరే చెప్పనక్కర్లేదు. కలుపు పోతుందా అంటే అదీ సగమే. గరికను రోటవేటర్ ముక్కలు చేస్తుంది, కణుపున్న ప్రతి ముక్కా మళ్లీ మొలకెత్తుతుంది. తుంగ గడ్డలు కత్తులతో పాటు చేనంతా పాకుతాయి. పొరపాటున డ్రిప్ లాటరల్ తగిలితే క్షణాల్లో కత్తులకు చుట్టుకుని మీటర్ల కొద్దీ తెగుతుంది. దానికి బదులు తోటలో ఉండాల్సింది స్లాషర్ లేదా మల్చర్. ఇది గడ్డిని నేలకు రెండు మూడంగుళాల ఎత్తున కోసి అక్కడే పరుస్తుంది. వేర్ల జోలికి పోదు. కత్తిరించిన సన్న కొమ్మల్ని కూడా మల్చర్ ముక్కలు చేసి నేలకు తిరిగి ఇస్తుంది. పెద్ద వానకు మట్టి కొట్టుకుపోకుండా గడ్డి మొదళ్లు పట్టి ఉంచుతాయి.

గడ్డిని బతకనిస్తే చెట్టుకు దక్కాల్సిన నీరు అది తాగదా అని రైతులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. తాగుతుంది, ముఖ్యంగా మొక్క చిన్నగా ఉన్న మొదటి మూడేళ్లు. అందుకే పాదుల్లో, మొక్క చుట్టూ మూడడుగుల మేర, చేత్తో కలుపు తీసి గడ్డితోనో ఆకుతోనో కప్పాలి. గడ్డి ఉండాల్సింది వరసల నడుమ, అదీ వానలున్నంత కాలం. వానలు తగ్గగానే పూత రాకముందే కోసి పరిస్తే తాగడం ఆగి, ఉన్న తడిని కాపాడటం మొదలవుతుంది. వర్షాధారపు మామిడి తోటలో తొలకరికి ముందు నేల వాననీటిని పీల్చుకునేలా దున్నాలన్న వాదన కూడా నిజమే. అందుకు వరసల మధ్య, చెట్టు గుబురుకు బయట కల్టివేటర్‌తో పైపైన ఒక సాలు చాలు. రాళ్ల నేల అయితే స్ప్రింగు ఉన్న కల్టివేటర్ మంచిది, రాయి తగిలితే కర్రు లేచి దాటుతుంది. తొలి నాలుగేళ్లు మధ్యలో వేరుశనగో కూరగాయలో వేసుకునేవారికీ ఇదే సరిపోతుంది. ఎండాకాలంలో ఎండు గడ్డికి నిప్పంటుకునే భయం ఉన్నచోట తోట చుట్టూ పది పదిహేను అడుగులు శుభ్రంగా దున్ని ఉంచాలి. ఈ మినహాయింపులు అన్నీ కలిపినా రోటవేటర్ తోటలోకి రావాల్సిన అవసరం కనిపించదు.

కొనేటప్పుడు హార్స్‌పవర్ ఒక్కటే చూస్తే మోసపోతాం. పనిముట్టు బరువును బండి హైడ్రాలిక్స్ ఎత్తగలగాలి, ఎత్తినప్పుడు ముందు చక్రాలు తేలిపోకూడదు, మూడు చోట్ల తగిలించే పిన్నులు బండి కేటగిరీకి సరిపోవాలి. అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్ష సంస్థ ఉంది. కొనే యంత్రానికి అటువంటి సంస్థ ఇచ్చిన పరీక్ష నివేదిక ఉందా అని డీలరును నిలదీయడం రైతు హక్కు. ఆగర్, మల్చర్ వంటివాటిని తిప్పే ట్రాక్టర్ పీటీఓ షాఫ్ట్ నిమిషానికి 540 సార్లు, అంటే సెకనుకు తొమ్మిది సార్లు తిరుగుతుంది. కండువా కొసో, చీర కొంగో తగిలితే బండి ఆపేలోపే ప్రాణం పోతుంది. షాఫ్ట్ మీద ప్లాస్టిక్ కవరు లేని ఆగర్‌ను, మల్చర్‌ను ఎంత చౌకగా వచ్చినా తీసుకోవద్దు. ఆగర్‌లో షియర్ బోల్టు తెగితే దాని బదులు గట్టి బోల్టు బిగించే అలవాటు కూడా మానాలి. తెగాల్సిన బోల్టు తెగకపోతే గేర్ బాక్స్ పగులుతుంది.

సబ్‌సాయిలర్, ఆగర్ ఏ ఒక్క రైతూ కొనాల్సినవి కావని చెప్పాను. కానీ అద్దెకు దొరకాలంటే ఎవరో ఒకరు కొనాలి. ఇక్కడే రైతు ఉత్పత్తిదారుల సంఘాలు ముందుకు రావాలి. 2014-15లో మొదలైన కేంద్ర యాంత్రీకరణ పథకం కింద పనిముట్లకు చిన్న, సన్నకారు, ఎస్సీ, ఎస్టీ, మహిళా రైతులకు 50 శాతం, ఇతరులకు 40 శాతం వరకు పరిమితులకు లోబడి రాయితీ ఉంది. అద్దె కేంద్రాలకూ సాయం ఉంది. వేసవిలో నెలన్నర మాత్రమే పని ఉండే ఈ పరికరాలు నాలుగైదు ఊళ్లకు ఒక జత ఉన్నా సరిపోతాయి. తోటలు పెరుగుతున్న మండలాల్లోని సంఘాలు ఈసారి అద్దె కేంద్రానికి పరికరాల జాబితా రాసేటప్పుడు మరో రోటవేటర్ బదులు ఒక సబ్‌సాయిలర్, రెండు బిట్లున్న ఆగర్ రాయండి. అవి మార్చి నెలాఖరుకు ఊళ్లో ఉండేలా చూడండి.