రాజధాని కూలినా తలవంచని పెనుకొండ

పెనుకొండ : ధర్మవరం నుంచి హిందూపురం వెళ్లే రైల్లో కిటికీ పక్కన కూర్చుంటే పెనుకొండ వద్ద ఆ కొండ కనబడుతుంది. పేరుకు తగ్గ పెద్ద కొండ. సంస్కృతంలో దీన్ని ఘనగిరి అన్నారు. ఒంటినిండా కోటగోడల ఆనవాళ్లే.

విజయనగర సామ్రాజ్యం 1565తో అంతరించిందని చాలామంది అనుకుంటారు. హంపీ పాడుపడిన మాట నిజమే. రాజ్యం మాత్రం చావలేదు. ఈ కొండ నీడన తలదాచుకుని మళ్లీ లేచి నిలబడింది.

ఏనుగులెక్కి వచ్చిన ఖజానా

1565 జనవరి 23న దక్కను సుల్తానులు ఏకమై విజయనగర సేనను ఓడించారు. రాజ్యాన్ని నడుపుతున్న అళియ రామరాయలు హతుడయ్యారు. ఆయన తమ్ముడు తిరుమలరాయలు, పేరుకు చక్రవర్తిగా ఉన్న సదాశివరాయలను వెంటబెట్టుకుని, ఖజానాను ఏనుగులపై ఎక్కించుకుని పెనుకొండ చేరారు.

పెనుకొండను ఎంచుకోవడం కాకతాళీయం కాదు. ఇది అప్పటికే విజయనగరానికి ముఖ్యమైన దుర్గం. లేపాక్షి గుడి కట్టించిన విరుపణ్ణ కూడా పెనుకొండ సీమ అధికారిగా పనిచేసినవారే. కొన్నేళ్లకు తిరుమలరాయలు తానే పట్టాభిషిక్తులయ్యారు. ఆ విధంగా ఆరవీటి వంశానికి పెనుకొండ రాజధాని అయింది.

చెన్నప్ప కాపాడిన కోట

అయితే శత్రువు ఊరుకోలేదు. బీజాపూర్ సుల్తాను అలీ ఆదిల్‌షా ఆదోనిని, బంకాపూర్‌ను వశం చేసుకుని, 1576లో పెనుకొండను ముట్టడించాడు. అప్పటి రాజు, తిరుమలరాయల కుమారుడు శ్రీరంగరాయలు ఖజానాతో సహా చంద్రగిరికి తరలివెళ్లారు. కోట రక్షణ భారాన్ని సవరం చెన్నప్ప నాయకుడు తలకెత్తుకున్నారు.

మూడు నెలలపాటు కోట లొంగలేదు. లోపల చెన్నప్ప కత్తి పనిచేస్తుంటే, బయట రాజు మంత్రాంగం పనిచేసింది. బీజాపూర్ కొలువులోని ఒక బర్గీ నాయకుణ్ణి ధనమిచ్చి తమవైపు తిప్పుకున్నారు. గోల్కొండ సుల్తాను సాయం కోరారు. ఆయన సేనను పంపారు. ఆ డిసెంబరులో బీజాపూర్ సేన ఓడి వెనుదిరిగింది.

దీన్నిబట్టి ఒక విషయం తెలుస్తుంది. ఇది రెండు మతాల పోరు కాదు. ఒక సుల్తానును ఎదిరించడానికి మరో సుల్తాను తోడొచ్చాడు. అదే గోల్కొండ తరఫున 1579లో అహోబిలాన్ని దోచుకున్న సేనాని పేరు మురహరిరావు. నాటి పోరు రాజ్యం కోసం, రాబడి కోసం.

సంధి మాటున ధాన్యం

1586లో శ్రీరంగరాయల తమ్ముడు వెంకటపతిరాయలు గద్దెనెక్కారు. మూడేళ్లకు, సాయమొచ్చిన గోల్కొండే దండెత్తి వచ్చింది. 1589లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా పెనుకొండను చుట్టుముట్టాడు.

కోటలో సరుకు నిండుకుంది. వెంకటపతిరాయలు సంధి కబురు పంపారు. సుల్తాను నమ్మి ముట్టడి సడలించాడు. దొరికిన ఆ కాస్త వ్యవధే చాలింది. మూడు రోజుల్లోనే ధాన్యం, మందుగుండు కోటలోకి చేరాయి. జగదేవరాయలు తుపాకీ దళాలతో లోపలికి ప్రవేశించారు. మోసపోయానని తెలుసుకుని సుల్తాను మళ్లీ ముట్టడి బిగించాడు. ఫలితం లేకపోయింది. ఇంతలో వానాకాలం ముంచుకొచ్చింది. కృష్ణమ్మ పొంగితే తిరుగుదారి మూసుకుపోతుందని భయపడి దండు విప్పి వెళ్లిపోయాడు.

జగదేవరాయలకు ప్రతిఫలంగా పెద్ద సీమ దక్కింది. నేడు కర్ణాటకలో ఉన్న చన్నపట్నం ఆ సీమకు ముఖ్యపట్టణమైంది.

కాలక్రమంలో రాజధాని చంద్రగిరికి, ఆపై వేలూరుకు మారింది. 17వ శతాబ్ది మధ్యలో పెనుకొండ కూడా బీజాపూర్ వశమైంది. అయినా 1565లో ముగియాల్సిన కథ మరో ఎనభై ఏళ్లు సాగిందంటే అందుకు ఈ కొండే మూలం.

నిధి ఎక్కడుంది?

గుప్తనిధుల ఆశతో పాత కట్టడాలను తవ్వడం మన సీమకు పట్టిన పాత జబ్బు. పెనుకొండపై గడ్డపార ఎత్తేవారు ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. ఏనుగులపై వచ్చిన ఖజానా 1576లోనే చంద్రగిరికి వెళ్లిపోయింది. ఇక్కడ మిగిలింది గగన్‌మహల్, కోట ద్వారంలో నిలిచిన ఆంజనేయుడు, మూడు నెలలు లొంగని గోడలు.

అవి పడిపోతే మళ్లీ కట్టేవారు లేరు.